గెల్డింగ్ అంటే జాతి పేరు కాదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఈ వేసవి నుంచి హైదరాబాద్ శివార్లలో గుర్రపు స్వారీ నేర్పిస్తున్నాను. తనకు ఇచ్చిన గుర్రం గది తలుపు మీద ఒక పలక ఉంది. పేరు, వయసు 9 ఏళ్లు, కింద 'బే గెల్డింగ్' అని. గెల్డింగ్ అంటే ఏదో మంచి విదేశీ జాతి అనుకుని బంధువులందరికీ గొప్పగా చెప్పాను. పోయిన వారం కోచ్ పక్కకు పిలిచి అసలు అర్థం చెప్పేసరికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చాక అమ్మాయి 'గెల్డింగ్ అంటే ఏంటి డాడీ?' అని అడిగింది. మాట దాటేశాను. మళ్లీ అడుగుతుందని టెన్షన్‌గా ఉంది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగులో ఏమంటారు? ఆడపిల్లకు ఎలా చెప్పాలి? ఇంకొకటి, నోరులేని జీవానికి అలా చేయించడం పాపం కాదా?

సమాధానం: నమస్కారమండీ. ముందుగా, మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ మాట చూసి జాతి పేరనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. గుర్రం మన రోజువారీ బతుకులోంచి పోయి చాలా కాలమైంది, దాంతోపాటే దాని చుట్టూ ఉండే మాటలూ పోయాయి. అమ్మాయి అడగడం మంచిదే అయింది. మాట దాటేయకండి, నిజమే చెప్పండి. ఎలా చెప్పాలో కింద రాస్తాను.

గెల్డింగ్ అంటే విత్తులు, అంటే వృషణాలు, తీయించిన మగగుర్రం. అంతే. ఏ జాతి గుర్రమైనా గెల్డింగ్ కావచ్చు. మార్వాడీ కావచ్చు, కాఠియావాడీ కావచ్చు, రేసుల్లో పరిగెత్తే థరోబ్రెడ్ కావచ్చు. విత్తులున్న మగగుర్రాన్ని ఇంగ్లీషులో స్టాలియన్ అంటారు, ఆడగుర్రాన్ని మేర్ అంటారు. ఈ రెండింటి పక్కన మూడో మాట గెల్డింగ్.

ఇక పుట్టుక సంగతి. ఈ మాట చివర 'ఇంగ్' చూసి గోయింగ్, కమింగ్ లాంటిదే అనుకుంటాం. ఏదో జరుగుతూ ఉన్న పని అనిపిస్తుంది. ఇక్కడి 'ఇంగ్' అది కాదు. ఇది ఇంగ్లీషు వాళ్లకు వైకింగుల నుంచి, అంటే నార్వే, డెన్మార్క్ వైపు నుంచి ఓడల మీద వచ్చిన జనం నుంచి, వచ్చిన మాట. వైకింగుల పాత నార్స్ భాషలో దీని రూపం 'గెల్డింగ్ర్'. ఆ భాషలో 'ఇంగ్ర్' అనే ప్రత్యయం చేరిస్తే 'ఫలానా లక్షణం ఉన్నవాడు, ఫలానాకు చెందినవాడు' అనే అర్థం వస్తుంది. 'వైకింగ్' అనే మాట చివర ఉన్నదీ అదే. మొదటి భాగం 'గెల్డ్ర్'. దాని అర్థం తెలుగువాడికి చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే మన దగ్గర అచ్చంగా అలాంటి మాటే ఉంది: గొడ్డు. గొడ్డుటావు అంటాం చూడండి, ఈననిది, పాలివ్వనిది. నార్స్‌లో 'గెల్డ్ర్' కూడా అదే, ఈనని పశువు, పాలివ్వని పశువు. ఆ రెండు మాటలకీ చుట్టరికం ఉందని కాదు, ధ్వని దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం. అర్థం మాత్రం సరిగ్గా సరిపోతుంది. స్కాట్లాండ్‌లో, ఇంగ్లండ్ ఉత్తరాన పశువులు కాసేవాళ్లు పాలివ్వని ఆవును 'యెల్డ్' అంటారు. అదీ ఈ కుటుంబపు మాటే.

వైకింగులు 8వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ తీరం మీద పడ్డారు. దోపిడీకి వచ్చినవాళ్లలో చాలామంది తర్వాతి శతాబ్దంలో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భూములు తీసుకుని స్థిరపడ్డారు. సేద్యం చేశారు, గొర్రెలు మేపారు, అక్కడి అమ్మాయిలను పెళ్లాడారు. అలా వాళ్ల ఇంటి మాటలు ఇంగ్లీషులో కలిశాయి. మనం రోజూ వాడే ఎగ్, స్కై, నైఫ్, విండో అన్నీ అలా వచ్చినవే. గెల్డింగ్ కూడా దొడ్లోంచే వచ్చింది. మొదట్లో అది గుర్రానికే పరిమితం కాదు, నార్స్‌లో ఎక్కువగా విత్తులు తీసిన పొట్టేలును అలా అనేవాళ్లు. ఇంగ్లీషులో మనుషులకూ వాడారు. 14వ శతాబ్దం చివర్లో బైబిల్‌ను మొదటిసారి పూర్తిగా ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, అపొస్తలుల కార్యములలో రథం మీద కూర్చుని గ్రంథం చదువుకుంటూ వెళ్లే ఇథియోపియా అధికారి ఉన్నాడు కదా, తెలుగు బైబిల్లో 'నపుంసకుడు' అని ఉంటుంది, అతణ్ణి ఈ మాటతోనే పిలిచారు. అదే కాలపు కవి చాసర్ కూడా గడ్డం మొలవని, సన్నటి గొంతున్న ఒక పాత్రను చూసి 'గెల్డింగో, ఆడగుర్రమో' అని రాశాడు. కాలక్రమేణా మనుషులకు వాడటం పోయి, మాట గుర్రం దగ్గర నిలిచిపోయింది.

ఒక పొరపాటు కొందరు చేస్తుంటారు. జర్మన్‌లో డబ్బును 'గెల్ట్' అంటారు, వైకింగులకు ఇంగ్లండ్ కట్టిన కప్పాన్ని 'డేన్‌గెల్డ్' అంటారు కాబట్టి, గెల్డింగ్‌కూ డబ్బుకూ సంబంధం ఉందనుకుంటారు. లేదు. ఆ మాటల మూలం వేరు.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది పక్క దేశాల సంగతి. జర్మన్‌లో గెల్డింగ్‌ను 'వలాఖ్' అంటారు. అంటే వలేకియావాడు. వలేకియా ఇప్పటి రొమేనియాలో దక్షిణ భాగం. ఫ్రెంచ్‌లో 'ఓంగ్ర్' అంటారు, అంటే హంగరీది అని. స్వీడన్ వాళ్లు జర్మన్ మాటే తీసుకుని 'వల్లాక్' అన్నారు. రష్యన్‌లో 'మేరిన్', అది మంగోల్ భాషలో గుర్రానికి వాడే 'మోరిన్' నుంచి వచ్చింది. చూశారా, పడమర వాడు ప్రతి ఒక్కడూ తన తూర్పు పొరుగువాడి పేరో, మాటో పెట్టుకున్నాడు. ఇలాంటి గుర్రాలు వాళ్లకు అటువైపు నుంచి వచ్చాయి కాబట్టి.

ఆ తూర్పున ఉన్నది గడ్డి మైదానాలు. నల్ల సముద్రం నుంచి మంగోలియా దాకా గుర్రం మీదే బతికిన జనం. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో వాళ్ల గురించి రాస్తూ, సిథియన్లు, సర్మేషియన్లు తమ గుర్రాలకు విత్తులు తీసేస్తారనీ, ఆ గుర్రాలు చిన్నవే అయినా మహా చురుకైనవి, అదుపులో ఉండవు కాబట్టి అలా చేస్తారనీ చెప్పాడు. ఒక్కో మనిషికి నాలుగైదు గుర్రాలు, వాటన్నిటినీ ఒకే మందగా తోలుకెళ్లాలి. అందులో పది స్టాలియన్లుంటే రాత్రంతా కొట్లాటే.

మన దేశంలో ఇది ఎంత పాతదంటారా? ఋగ్వేదంలోనే ఉంది. సంస్కృతంలో దీనికి మాట 'వధ్రి'. మొదటి మండలంలో ఇంద్రుడు వృత్రుణ్ణి చంపిన సూక్తంలో, ఆంబోతుకు సాటి రావాలని చూసిన వధ్రిలాగా వృత్రుడు ముక్కలై పడ్డాడని ఉంటుంది. అక్కడ అది తక్కువ చేసే మాటే. కానీ అదే ఋగ్వేదం ఆరో మండలంలో సరస్వతీ నది తనను కొలిచినవాడికి దివోదాసుణ్ణి కొడుకుగా ఇచ్చిందని చెబుతారు. ఆ కొలిచినవాడి పేరు వధ్ర్యశ్వుడు. విడదీయండి: వధ్రి, అశ్వం. విత్తులు తీసిన గుర్రాలున్నవాడు అని అర్థం. మూడు వేల ఏళ్ల కిందటి ఒక పెద్దమనిషి ఈ పేరుతో తిరిగాడు. ఆయన వెలిగించిన అగ్నిని పొగుడుతూ పదో మండలంలో ఒక సూక్తమే ఉంది. ఆ పేరు సిగ్గుచేటైతే అలా పాడుకోరు కదా. నేను మొదటిసారి ఈ పేరును విడదీసి చదివినప్పుడు చాలాసేపు ఆ పేజీ మీదే ఉండిపోయాను. మన పిల్లలకు గెల్డింగ్ అనే కొత్త మాట నేర్పుతున్నామనుకుంటాం గానీ, ఆ గుర్రం మన పాతవాళ్లకు బాగా తెలిసినదే.

విత్తులు తీయడానికి ఇంగ్లీషు డాక్టర్లు వాడే 'క్యాస్ట్రేషన్' అనే మాట కూడా మనకు పూర్తిగా పరాయిది కాదు. దాని లాటిన్ మూలంలో కోయడం, కత్తి అనే అర్థం ఉందనీ, మన 'శస్త్రం' దానికి చుట్టమనీ భాషల చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. శస్త్రచికిత్సలో ఉన్న శస్త్రమే.

ఇక తెలుగులో ఏమంటారు అన్నది. గుర్రానికి ప్రత్యేకంగా, జనం నోట నలిగిన ఒక్క మాట మనకు లేదు. పారసీకం, ఉర్దూల్లో 'అఖ్తా' అంటారు. తెలంగాణలో మేకపోతుకు 'ఖస్సీ' చేయించడం అంటారు, అది అరబిక్ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఊళ్లలో 'విత్తులు కొట్టించడం' అంటారు. గుర్రాల కంటే పశువుల దగ్గర మన భాష చాలా గట్టిది. ఆవుకు పుట్టిన మగది దూడ, పెరిగితే కోడె, విత్తులతో వదిలేస్తే ఆంబోతు, కొట్టించి కాడి కడితే ఎద్దు. పనికిమాలి తిరిగేవాణ్ణి 'అచ్చోసిన ఆంబోతు' అంటాం. దేవుడి పేరున ముద్ర వేసి వదిలేసిన ఆంబోతుకు అడ్డూ ఆపూ ఉండదు కాబట్టి. కష్టపడేవాణ్ణి 'ఎద్దులా పనిచేస్తాడు' అంటాం. ఇక్కడే నాకు మన మాట మీద గౌరవం. నార్స్ మాట పశువులో లేనిదాన్ని చూసి 'గొడ్డుది' అని పేరు పెట్టింది. జర్మన్, ఫ్రెంచ్ మాటలు పొరుగువాడి పేరు పెట్టాయి. 'ఎద్దు' అనే మాటలో మాత్రం లోపం ఎత్తి చూపడం లేదు. తమిళంలో 'ఎరుదు' దీని తోబుట్టువే. ఎద్దు అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది కోత కాదు, నాగలి, బండి, సంక్రాంతికి రంగులేసిన కొమ్ములు.

మా తాత దగ్గర ఒక ఒంగోలు కోడె ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు దాన్ని పశువుల ఆసుపత్రికి తోలుకెళ్తుంటే వెంట వెళ్లాను. రెండు వరసల కర్రల మధ్య నిలబెట్టి తాళ్లతో కట్టారు. డాక్టరు చేతిలో మోచెయ్యంత పొడవు, బరువైన ఇనప పట్టకారు. దాన్ని బుర్డిజో అంటారు, కనిపెట్టిన ఇటలీ పశువైద్యుడి పేరు. చర్మం తెగదు, లోపల విత్తులకు రక్తం తీసుకెళ్లే తాడు లాంటి భాగం నలుగుతుంది, తర్వాత విత్తులు వాటంతటవే ఎండిపోతాయి. పట్టకారు మూసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. కోడె ముక్కులు వెడల్పయ్యాయి, వెనక కాళ్లు వణికాయి. తాత దాని గంగడోలు నిమురుతూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక నానబెట్టిన ఉలవలు తనే చేత్తో తినిపించాడు. కొన్నాళ్లకు కాడి అలవాటు చేశాక, 'కోడె' అనడం మానేసి 'ఎద్దు' అనడం మొదలుపెట్టాడు.

అందుకే మీ పాపం ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నొప్పి ఉంటుంది. లేదని పిల్లకు అబద్ధం చెప్పకండి. ఆ రోజు మా కోడెకు మత్తు ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. ఇప్పుడు పరిస్థితి మారింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం విత్తులు తీయడాన్ని నిర్దేశించిన పద్ధతిలో చేస్తే నేరం కాదంది. ఆ పద్ధతి ఏమిటో చెబుతూ 2023లో వచ్చిన నియమాల ప్రకారం ఆ పనిని రిజిస్టర్డ్ పశువైద్యుడే చేయాలి, మత్తు ఇచ్చి చేయాలి. గుర్రాలకు బుర్డిజో వాడటం మంచి పద్ధతి కాదు. మత్తిచ్చి, చిన్న కోత పెట్టి, విత్తులు తీసేస్తారు. లోపల ద్రవం నిలవకుండా సాధారణంగా గాయాన్ని కుట్టకుండా వదిలేస్తారు. వాపు రాకుండా రోజూ కొంచెం నడిపిస్తారు. కొన్ని వారాల్లో మానిపోతుంది. మామూలుగా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు వయసులో చేయిస్తారు. మరీ చిన్నప్పుడే చేయిస్తే గుర్రం కాస్త పొడుగు కూడా పెరుగుతుంది, ఎముకల పెరుగుదల ఆలస్యంగా ఆగుతుంది కాబట్టి.

ఎందుకు చేయిస్తారో కూడా ఆలోచించండి. స్టాలియన్ దగ్గర్లో ఆడగుర్రం వాసన తగిలితే చాలు, మీద కూర్చున్నది ఎవరన్నది మర్చిపోతుంది. ఇంకో మగగుర్రం కనిపిస్తే కరుస్తుంది, ముందు కాళ్లెత్తుతుంది. అందుకని చాలా చోట్ల దాన్ని మిగతా గుర్రాలకు దూరంగా, ఒంటరి గదిలో కట్టేస్తారు. గుర్రం మందలో బతికే జీవి, ఒంటరితనం దానికి శిక్ష. గెల్డింగ్ అయితే తోటి గుర్రాలతో కలిసి మేస్తుంది, ఒకదాని మెడ ఒకటి గోక్కుంటాయి. పన్నెండేళ్ల పిల్ల ఎక్కే గుర్రం ఎలా ఉండాలని మీరు కోరుకుంటారు? మీ కోచ్ అమ్మాయికి గెల్డింగ్ ఇచ్చారంటే జాగ్రత్తగా ఆలోచించే ఇచ్చారు. నన్నడిగితే, సరైన డాక్టరు చేతిలో, మత్తిచ్చి చేయిస్తే ఇది పాపం కాదు. కట్టేసి ఒంటరిగా ఉంచడం కంటే ఇది నయం అనే నా అభిప్రాయం. మత్తు లేకుండా, డాక్టరు కాని వాళ్ల చేత చేయిస్తే మాత్రం పాపమే, నేరం కూడా.

ఇప్పుడు అమ్మాయికి ఎలా చెప్పాలి? మీ అపార్ట్‌మెంట్ దగ్గర చెవి కొస కత్తిరించిన వీధికుక్కలు ఉంటాయి. మీ అమ్మాయి తప్పకుండా చూసే ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. నేనైతే ఇలా చెబుతాను: 'చెవి కత్తిరించిన కుక్క ఉంది కదమ్మా, దానికి ఇక పిల్లలు పుట్టకుండా డాక్టరు ఆపరేషన్ చేశారని గుర్తు. నీ గుర్రానికి కూడా చిన్నప్పుడు అలాంటి ఆపరేషనే చేశారు. మగగుర్రంలో పిల్లలు పుట్టడానికి పనికొచ్చే భాగాన్ని తీసేశారు. అప్పుడది నెమ్మదిగా ఉంటుంది, మిగతా గుర్రాలతో కొట్లాడదు. దాన్నే గెల్డింగ్ అంటారు.' ఇంత చాలు. ఇంకా అడిగితే అడిగినంత చెప్పండి. స్కూల్లో సైన్సు పాఠాల్లో ఈ వయసు పిల్లలు ఇంతకంటే ఎక్కువే చదువుతున్నారు. మీకు మొహమాటంగా ఉంటే వాళ్లమ్మను చెప్పమనండి. ఇద్దరూ కలిసి చెబితే ఇంకా మంచిది. నవ్వుతూ, గుసగుసగా మాత్రం చెప్పకండి. పెద్దవాళ్ల గొంతు మారితే పిల్లలు అదేదో తప్పు మాట అనుకుంటారు.

తన గుర్రానికి ఏదో లోటు జరిగిందని అమ్మాయి బాధపడితే ఫార్ లాప్ కథ చెప్పండి. 1926లో న్యూజిలాండ్‌లో పుట్టిన గుర్రం, గెల్డింగే. ఎక్కువగా ఆస్ట్రేలియాలోనే, మొత్తం 51 పందేలు పరిగెత్తి 37 గెలిచింది, 1930లో మెల్‌బోర్న్ కప్ కొట్టింది. 1932లో చనిపోతే దేశమంతా ఏడ్చింది. దాని గుండెను కాన్‌బెర్రాలోని జాతీయ మ్యూజియంలో దాచారు. మామూలు గుర్రం గుండె 3 కిలోలు దాటి కాస్త ఉంటుంది, దాని గుండె 6.2 కిలోలు. అమెరికాలో కెల్సో అనే గెల్డింగ్ 1960 నుంచి 1964 దాకా వరసగా ఐదేళ్లు ఆ ఏటి ఉత్తమ గుర్రంగా నిలిచింది. హాంగ్‌కాంగ్‌లో గుర్రాల పెంపకం లేదు, అందుకని అక్కడ రేసుల్లో పరిగెత్తేవి ఎక్కువ భాగం గెల్డింగ్‌లే. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీలోకి మాత్రం వీటిని రానివ్వరు. తర్వాతి తరానికి తండ్రులను ఎంచుకోవడానికి పెట్టిన పందెం అది. మన మలక్‌పేటలోనూ రేసు రోజు అమ్మే పుస్తకం తిరగేస్తే గుర్రం పేరు పక్కన రంగు, లింగం చెప్పే పొడి అక్షరాలుంటాయి. అందులో 'జి' అంటే గెల్డింగ్.

తెలుగులో రాయాల్సి వస్తే, లేదా ఎవరికైనా చెప్పాల్సి వస్తే, గెల్డింగ్ అనే వాడండి. మొదటిసారి మాత్రం పక్కన 'విత్తులు తీసిన మగగుర్రం' అని రాస్తే చాలు. 'నపుంసక అశ్వం' లాంటివి కొందరు రాస్తుంటారు. దయచేసి వద్దు. చదవడానికి వికారంగా ఉండటమే కాదు, మనుషులను అవమానించడానికి వాడిన మాటను తెచ్చి ఆ గుర్రానికి తగిలిస్తున్నారు.

ఇక బంధువులకు మీరు చెప్పిన గొప్ప సంగతి. జాతి ఏమిటో కోచ్‌ను అడగండి. హైదరాబాద్ చుట్టుపక్కల స్వారీ నేర్పే చోట్ల రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు ఎక్కువగా ఉంటాయి, మీదీ అదే కావచ్చు. ఈసారి క్లాసుకు వెళ్లినప్పుడు అమ్మాయిని ఆ తలుపు ముందు నిలబెట్టి పలక మీరే చదివి చెప్పండి. 'బే' అంటే ఏంటని కూడా అడుగుతుంది. ఎర్రటి గోధుమ రంగు ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక, కాళ్ల కింది భాగం నలుపు. గుర్రం తల బయటికి పెడితే, ఆ రంగులు తనే చూసి సరిపోల్చుకుంటుంది.